తమ్ముడి చికిత్సకు చదివింపులు: నా అనుభవం

2022 జులై చివరి వారంలో నా తమ్ముడు హైదరాబాద్ నుంచి రాజాం దగ్గరి మా ఊరికి వచ్చేసరికి అతని చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది, మోకాళ్ల కింద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు ఉన్నాయి. వానాకాలం కావడంతో అందరం డెంగీ అనుకున్నాము. రాజాంలో చేయించిన రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 8 వేలు, హిమోగ్లోబిన్ 4.6 అని వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకూడదు. డెంగీ కాదని తేలాక విశాఖపట్నం తీసుకెళ్లాము. అక్కడ తుంటి ఎముకలోంచి మజ్జ తీసి పరీక్షించి, ఇది ఎప్లాస్టిక్ ఎనీమియా అనీ, క్యాన్సర్ కాదు గానీ మజ్జ రక్తకణాలను తయారు చేయడం దాదాపు మానేసిందనీ చెప్పారు. తమ్ముడికి అప్పటికి 26 ఏళ్లు. ఆ వయసులో తోబుట్టువుల మజ్జ సరిపోతే మార్పిడి చేయించడమే మంచి మార్గమని వైద్యురాలు అన్నారు. ఒక్కొక్క తోబుట్టువుది సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. నాది సరిపోలేదు, మా అప్పది, అంటే అక్కది, సరిపోయింది.

ఈ మార్పిడి కోసం మేము వెళ్లిన చెన్నై ఆస్పత్రి వారు ఇచ్చిన అంచనా పత్రంలో 16 లక్షల రూపాయలని ఉంది. ఆ కాగితాన్ని నేను రైల్లో నాలుగైదుసార్లు చదివాను. మొదటిసారి అంకె మాత్రమే కనబడింది. మూడోసారి చదివినప్పుడు గానీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న విషయం కంటపడలేదు: ఆ మొత్తం ఆస్పత్రిలో ఉండే రోజులకే గాని, ఇంటికి పంపిన తరవాత వాడే మందులకూ, మధ్యలో ఇన్ఫెక్షన్ వస్తే అయ్యే ఖర్చుకూ వర్తించదు. మార్పిడి జరిగిన రోజు నుంచి దాదాపు నూరు రోజులు రోగి ఆస్పత్రికి దగ్గరలోనే ఉండాలి, వారానికి రెండుసార్లు రక్తపరీక్షలు చేయించుకోవాలి, కొత్త మజ్జ శరీరం మీద తిరగబడకుండా మందులు వాడాలి. అద్దె, తిండి, పరీక్షలు, మందులు కలిపి ఆ నూరు రోజులకు మరో మూడు లక్షలు అవుతాయని వార్డు బయట పరిచయమైన నెల్లూరు ఆయన ఒకరు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. ఆయన చెప్పింది దాదాపు అక్షరాలా నిజమైంది. ఈ మాట తెలియని కుటుంబాలు ఆస్పత్రి బిల్లు వరకు సమకూర్చుకుని, డిశ్చార్జి అయిన నాడు మళ్లీ అప్పుకు బయలుదేరడం నేను అక్కడే చూశాను.

తొందర పడవలసిన కారణం ఇంకొకటి ఉంది. ఈ జబ్బులో రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించకపోతే మనిషి నిలబడడు, కాని ఎన్నిసార్లు ఎక్కిస్తే తరవాత మార్పిడి చేసిన మజ్జను శరీరం తిప్పికొట్టే ప్రమాదం అంత పెరుగుతుంది. పైగా మజ్జ ఇవ్వబోయేవారిదే కాదు, మిగతా రక్తసంబంధీకుల రక్తం కూడా ఎక్కించకూడదు. ఊళ్లో మా చిన్నాన్న పిల్లలు ముగ్గురు రక్తం ఇస్తామని చొక్కా చేతులు మడుచుకుని వస్తే, వద్దని చెప్పి వాళ్లను నొప్పించవలసి వచ్చింది. దాచిన ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి పనికిరావు కనుక, ప్రతి వారం కొత్త దాతను వెతకడమూ ఒక పనే. అంటే డబ్బు కోసం మేము తీసుకునే ప్రతి వారానికీ తమ్ముడి శరీరం మీద ఒక ఖర్చు పడుతోంది.

ఇక్కడ నా సొంత ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. మా ఊళ్లో గుండె ఆపరేషన్లు చేయించుకుని తిరుగుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మా తమ్ముడికి మాత్రం ఆ కార్డు లేదు. నేను 2012 డీఎస్సీలో ఎంపికైన ఉపాధ్యాయుణ్ణి. అమ్మానాన్నలు, నేను, నా భార్యాబిడ్డలు, తమ్ముడు ఒకే కుటుంబంగా గ్రామ సచివాలయం లెక్కల్లో ఉన్నాము. ప్రభుత్వోద్యోగి ఉన్న ఇల్లు కాబట్టి బియ్యం కార్డు పోయింది, దానితో పాటు ఆరోగ్యశ్రీ కూడా పోయింది. ఉద్యోగుల ఆరోగ్య పథకం నాకు ఉంది. అందులో భార్య, పిల్లలు, నా మీద ఆధారపడిన తల్లిదండ్రులు వస్తారు గాని తమ్ముడు రాడు. పెళ్లికాని తమ్ముణ్ణి విడిగా ఒక కుటుంబంగా చూపించే దారి ఏదైనా ఉందా అని సచివాలయం చుట్టూ తొమ్మిది రోజులు తిరిగాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నా ఎదురుగానే మూడు రకాలుగా ప్రయత్నించి, చివరికి "మాస్టారూ, ఇది తీసుకోవట్లేదండీ" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. నా ఉద్యోగం వల్లే తమ్ముడు రెండు గొడుగులకూ బయట పడ్డాడన్న ఆలోచన మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు.

నాకు బ్యాంకులో జీతం మీద 5 లక్షల అప్పు దొరికింది. 2004 సెప్టెంబరు తరవాత ఉద్యోగంలో చేరినవాణ్ణి కనుక నాకు జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్యనిధి) లేదు, తీసుకోవడానికి వేరే నిల్వ లేదు. అమ్మ, అప్ప, నా భార్య బంగారం కుదువపెడితే 3 లక్షల 10 వేలు వచ్చింది. నాన్న 60 సెంట్ల మెట్ట అమ్ముతానన్నారు. అవసరంలో ఉన్నామని తెలిసిన క్షణం నుంచి సెంటు ధర దిగిపోతూ వచ్చింది, అడగడానికి వచ్చిన ఇద్దరూ సగం ధర చెప్పారు. అమ్మవద్దని నేనే గట్టిగా ఆపాను. ఇక మిగిలింది నలుగురినీ అడగడం.

నాన్న దానికి ఒప్పుకోలేదు. ఆయన రెండు రోజులు సరిగా అన్నం కూడా తినలేదు. "ఊరి మీద పడి అడుక్కోమంటావేటిరా" అన్నదొక్కటే మాట. ఆ ముడి విప్పింది వెనకింటి ముసలమ్మ. ఆవిడ మాకు రక్తసంబంధం ఏమీ కాదు, అందరం బామ్మ అంటాము. కొంగు ముడి విప్పి అయిదు వందల నోటు ఒకటి అరుగు మీద పెట్టి, "అడుక్కోడం ఏటి నాయినా, ఇది సదివింపే. నీ కూతురి పెళ్లికి నూటపదార్లు సదివించినాను. ఇప్పుడు గుంటడి పానానికి సదివిస్తన్నాను, రాసుకో" అంది. నాన్న లేచి లోపలికి వెళ్లి, భోషాణం పెట్టెలోంచి 2009లో జరిగిన అప్ప పెళ్లి చదివింపుల పుస్తకం తెచ్చారు. పసుపు మరకలు పడిన ఆ పుస్తకంలో 312 పేర్లున్నాయి. చాలామంది పక్కన ఆయన చేత్తో చిన్న సున్నా చుట్టి ఉంది. వాళ్ల ఇంట్లో శుభకార్యానికి తిరిగి చదివించేశామని దాని గుర్తు. సున్నా ఉన్నవాళ్లనైనా లేనివాళ్లనైనా ఒకేలా అడగవచ్చునని, తిరిగి చదివించే బాధ్యత మనది అని ఆయన ఆ పూట నిర్ణయించుకున్నారు. ఆ తరవాత ఆయన ఎక్కడా సిగ్గుపడినట్టు నాకు కనబడలేదు.

నేను వసూలు చేయలేదు. అనుమతి లేకుండా ప్రభుత్వోద్యోగి చందాలు పోగు చేయకూడదని ప్రవర్తనా నియమావళి చెబుతుందని మా ప్రధానోపాధ్యాయులు ముందే హెచ్చరించారు. అందువల్ల బావ పేరూ తమ్ముడి పేరూ కలిపి రాజాంలో ఒక జాయింటు ఖాతా తెరిచాము. ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు తీయాలని రాయించాము. కొత్త 200 పేజీల నోటుపుస్తకంలో బావ స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీశాడు: వరస నంబరు, ఇంటిపేరుతో సహా పేరూ ఊరూ, మొత్తం, ఏ రూపంలో వచ్చింది. నగదు ఇచ్చిన ప్రతివారికీ కార్బన్ పెట్టి రాసిన రసీదు ఇచ్చాము. పెద్ద మొత్తాలు ఇవ్వదలచినవారిని మా ఖాతాలో వేయవద్దనీ, ఆస్పత్రి ఖాతాకే పంపమనీ కోరాము. బంధువులు కానివారి నుంచి ఒక మనిషికి ఏడాదిలో 50 వేలు దాటి ఉచితంగా వచ్చిన డబ్బు ఆదాయపన్ను లెక్కల్లోకి వస్తుంది కాబట్టి అదే మంచిదని ఒక ఆడిటరుగారు సలహా ఇచ్చారు. ఇందులో ఒక చిక్కు ఎదురైంది. సైన్యంలో పనిచేస్తున్న మా ఊరి పిల్లలు 11 మంది కలిసి 85 వేలు పోగుచేసి ఆస్పత్రికి పంపారు గాని, వివరాల గడిలో తమ్ముడి ఆస్పత్రి నంబరు రాయలేదు. ఆ డబ్బు ఎవరి పేరా జమ కాకుండా నాలుగు రోజులు తేలుతూ ఉండిపోయింది. బ్యాంకు లావాదేవీ నంబరు పట్టుకుని బిల్లింగు కౌంటరు దగ్గర రెండు పూటలు నిలబడితే గాని అది తమ్ముడి లెక్కలో పడలేదు.

దసరా సెలవులు మొత్తం నాన్న, బావ ఊళ్లు తిరిగారు. సంతకవిటి, రేగిడి, వంగర మండలాల్లో చుట్టాలున్న ప్రతి ఊరికీ వెళ్లారు. తమ్ముడు హైదరాబాద్‌లో ఏసీలు బిగించే పని చేసేవాడు. అతనితో గదిలో ఉన్న కుర్రాళ్లు, వాళ్ల మేస్త్రీ కలిసి లక్షా 12 వేలు పంపారు. వాళ్లలో ఎవరికీ నెలకు 18 వేలకు మించి రాదు. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు కూడా బాగా కదిలింది. ఊళ్లోని పొదుపు సంఘాల ఆడవాళ్లు మనిషికి వంద చొప్పున వేసుకుని ఒకే కవరులో ఇచ్చారు, పేర్లు విడివిడిగా రాయవద్దన్నారు. అన్ని రకాలుగా చదివింపులు 6 లక్షల 84 వేలు అయ్యాయి. నిజం చెప్పాలంటే, బాగా ఉన్నవాళ్లనుకున్న చోట ఎక్కువగా సలహాలు దొరికాయి. ఒకాయన మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టి ఆయుర్వేదం గురించి చెప్పి, టీ ఇచ్చి పంపారు.

ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే సంస్థ ఒకదానిలోనూ పేజీ పెట్టాము. ఆ పని ఎలా నడుస్తుందో తెలియనివారికి చెబుతాను. అంచనా పత్రం, రోగనిర్ధారణ కాగితాలు, ఆధార్ పంపితే వారు ఆస్పత్రికి ఫోన్ చేసి నిజమేనని రూఢి చేసుకుని పేజీ తెరుస్తారు, వచ్చిన డబ్బు ఆస్పత్రికి పంపుతారు. మాకు అడ్డు పడింది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనలో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఆధార్‌లో శ్రీకాకుళం అని ఉంది, సెప్టెంబరులో తహసీల్దారు కార్యాలయం ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో విజయనగరం అని ఉంది. ఇద్దరూ ఒకరేనా అని ముంబయి నుంచో బెంగళూరు నుంచో ఫోన్ చేసిన కుర్రాడు అడిగాడు. ఊరు కదల్లేదు, జిల్లాయే కదిలిందని నేను అతనికి వివరించడానికి, చివరికి జిల్లాల విభజన వార్తను పంపడానికి ఆరు రోజులు పట్టింది.

తరవాత వారు అమ్మ ఏడుస్తున్న వీడియో కావాలన్నారు. ముఖం కనబడేలా, తమ్ముడు మంచం మీద ఉన్న ఫొటో కూడా అడిగారు. అలా ఉంటేనే జనం ఇస్తారట. తమ్ముడు వద్దన్నాడు. "నేను బతికితే ఆ ఫొటోతో బతకాలి అన్నయ్యా, తీసెయ్యమన్నా ఎవడూ తీయడు" అన్నాడు. అంత జ్వరంలో కూడా అంత స్పష్టంగా ఆలోచించాడు. పనిలో ఉండగా నిచ్చెన పక్కన నవ్వుతూ నిలబడ్డ పాత ఫొటో పెట్టాము, అమ్మ ఫొటో పెట్టలేదు. దానివల్ల కొంత తక్కువ వచ్చి ఉండవచ్చు. ఆ పేజీకి మొత్తం 3 లక్షల 92 వేలు వచ్చాయి, మా చేతికి, అంటే ఆస్పత్రికి, చేరింది 3 లక్షల 41 వేలు. రుసుములు, పన్ను, మేము ఒప్పుకున్నామో లేదో మాకే సరిగా గుర్తులేని ప్రకటనల ఖర్చు అందులో పోయాయి. విరాళం ఇచ్చేటప్పుడు సంస్థకు కూడా కొంత శాతం ఇస్తున్నట్టు ముందే గుర్తు పెట్టి ఉంటుందనీ, దాన్ని చేత్తో తీసేయాలనీ మా స్నేహితులు కొందరు డబ్బు కట్టాక గాని గమనించలేదు. ఒప్పందం పత్రం చదవకుండా సరేనని నొక్కింది నేనే కాబట్టి ఎక్కువ మాట్లాడను.

ప్రభుత్వ నిధుల్లో రెండు చోట్ల ప్రయత్నించాము. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి చికిత్సకు ముందే దరఖాస్తు పెట్టాలి. అంచనా పత్రం అసలు ప్రతి, ఆదాయ, నివాస ధ్రువపత్రాలు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు జతచేసి, పార్లమెంటు సభ్యుని లేఖతో పంపాము. మంజూరైన లక్షన్నర నేరుగా ఆస్పత్రికే వెళ్లింది, కాని అది తమ్ముడు చేరిన మూడో వారానికి అందింది. ముఖ్యమంత్రి సహాయ నిధి మా విషయంలో ఖర్చయ్యాక వచ్చే డబ్బు. డిశ్చార్జి పత్రం, అసలు బిల్లులు అన్నీ కలిపి శాసనసభ్యుని కార్యాలయం ద్వారా పంపాలి. అసలు బిల్లులు ఒకచోట ఇచ్చేస్తే ఇంకోచోట చూపడానికి ఉండవు కాబట్టి, ప్రతి బిల్లునూ రెండేసి ప్రతులు తీయించి ఆస్పత్రి ముద్ర వేయించి ఉంచుకున్నాము. ఈ రెండు నిధుల డబ్బునూ అవి చేతికి వచ్చేదాకా లెక్కలో కలుపుకోకూడదని నాకు అప్పుడే అర్థమైంది. ఎందుకంటే ఆస్పత్రివారు చికిత్స మొదలుపెట్టే ముందు 10 లక్షలు కట్టమన్నారు. రోగి పాత మజ్జను మందులతో తుడిచిపెట్టడం ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఆపడానికి వీలులేదు. ఆ మాట వినడానికి కఠినంగా ఉన్నా అందులో న్యాయం ఉంది.

ఈలోగా ఊళ్లో ఒక మాట పుట్టింది. ఇరవై లక్షలు పైన వచ్చేశాయట, మేష్టారు రాజాంలో స్థలం చూస్తున్నాడట. పుట్టించినవాడెవడో మాకు తెలుసు, అతను కూడా వెయ్యి రూపాయలు చదివించినవాడే. బావకు కోపం వచ్చింది, నాకు భయం వేసింది. నాన్న మాత్రం ప్రతి ఆదివారం సాయంత్రం పుస్తకంలోని లెక్కను ఒక తెల్ల కాగితం మీద ఎత్తి రాయించి రామమందిరం గోడకు అంటించమన్నారు. పేర్లు లేకుండా రసీదు నంబరు, మొత్తం మాత్రమే రాశాము. వంద ఇచ్చినవాళ్లు పదివేలు ఇచ్చినవాళ్ల పక్కన తమ పేరు చూసుకుని చిన్నబోకూడదని అప్ప చెప్పిన ఉపాయం అది. కింద ఆ వారం ఆస్పత్రికి కట్టినదాని రసీదు నకలు. మొదటి ఆదివారం గోడ దగ్గర తిరునాళ్లలా జనం చేరారు, చాలామంది తమ రసీదు తెచ్చుకుని నంబరు సరిచూసుకున్నారు. ఒకామె తన 200 రాయలేదని పట్టుకుంది. నిజమే, బావ 147 తరవాత 149 వేశాడు. మూడో వారానికి గోడ దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. అప్పటికి ఆ మాట కూడా పోయింది.

నవంబరు మొదటి వారంలో తమ్ముణ్ణి చేర్చుకున్నారు. అప్ప మజ్జ ఇచ్చిన మూడో రోజుకే లేచి తిరిగింది. తమ్ముడికి పద్ధెనిమిదో రోజున తెల్లకణాలు కొద్దిగా కనబడ్డాయి, ఆ తరవాత ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి బిల్లు 16 లక్షల 90 వేలకు వెళ్లింది. ఆస్పత్రి వీధి వెనక గది తీసుకుని అమ్మ నూరు రోజులూ అక్కడే వండింది. అన్నీ కలిపి వచ్చిన డబ్బూ అయిన ఖర్చూ దాదాపు సమానమయ్యాయి, చివరి వారం టిక్కెట్లకు నా జీతం కోసం ఆగవలసి వచ్చింది. ఒక పొరపాటు మాత్రం మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. వాట్సాప్‌లో పంపిన కాగితం మీద మేము తేదీ వేయలేదు. పని అయిపోయి ఏడాది గడిచినా ఎక్కడెక్కడినుంచో ఫోన్లు వచ్చేవి, కొందరు డబ్బు వేసేసి చెప్పేవారు. అలా వచ్చిన 23 వేలను ఒక్కొక్కరికీ వెనక్కి పంపాము. ఒక రెండు వేలు మాత్రం ఎవరివో తెలియక ఖాతాలో అలాగే ఉన్నాయి, పుస్తకంలో ఆ వరస ఖాళీగా ఉంది.

ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కు లక్షా 60 వేలకు వచ్చింది, అప్పటికి తమ్ముడు ఇంటికి వచ్చి అయిదు నెలలు. దానితో అమ్మ బంగారం వరకు విడిపించాము. అప్పదీ నా భార్యదీ ఆ తరవాత ఏడాదికి వచ్చాయి. నా జీతం మీద అప్పు ఇంకా నడుస్తోంది.

తమ్ముడు ఇప్పుడు ఎత్తులెక్కే పని చేయలేడు. రాజాంలో ఏసీల విడిభాగాలు అమ్మే కొట్టులో లెక్కలు చూస్తున్నాడు. పెళ్లిపిలుపు ఏది వచ్చినా ముందు పుస్తకం తీసి ఆ ఇంటిపేరు వెతుకుతాడు. ఉంటే తన చేతి జీతంతోనే చదివించి వచ్చి, పక్కన నాన్నలాగే సున్నా చుడతాడు. మొన్న వైశాఖంలో, హైదరాబాద్ గదిలో తనతో ఉన్న కుర్రాడి చెల్లెలి పెళ్లికి పొందూరు దగ్గరికి వెళ్లి పదివేలు చదివించబోతే, ఆ కుర్రాడు మైకు దగ్గరి నుంచి ఇతని చెయ్యి పట్టుకుని పందిరి బయటికి లాక్కొచ్చాడట. "నూటపదార్లు సదివించి బోయినం చేసెల్లు. మిగతాది నీ పెళ్లయ్యాక చూద్దుం" అన్నాడట. తమ్ముడు 116 చదివించి వచ్చాడు. సున్నా చుట్టాలో వద్దో తేలక ఆ పేరు పక్కన పెన్సిలుతో సగం గీసి వదిలేశాడు.